చతురంగ గృహ సంఖ్య 18446744073709551615: గణిత లక్షణాలు – పద్యపాఠ నిర్ణయం

వ్యాససంగ్రహం

చదరంగపు బల్లలోని 64 గడుల్లో మొదటి గడికి ఒకటి, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు చొప్పున రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తం 18446744073709551615. ఈ సంఖ్యను భూతసంఖ్యా పదాలతో చెప్పిన చంపకమాల ఒకటి పావులూరి మల్లన పేరుతో తెలుగులో ప్రసిద్ధం. సాహిత్య అధ్యయనంలో ఈ పద్యం సాధారణంగా సంఖ్య పెద్దతనానికీ, కవి చమత్కారానికీ ఉదాహరణగా నిలుస్తుంది. సంఖ్య పెద్దతనం కంటే దాని నిర్మాణం ముఖ్యమైనదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఛందశ్శాస్త్రంలోని ప్రస్తారంతో ఆ సంఖ్యకున్న సంబంధాన్నీ, దాని ఏడు ప్రధాన కారణాంకాలనూ, వాటి వెనుక ఉన్న ఫెర్మా, ఆయిలర్‌ల చరిత్రనూ వివరిస్తుంది. ఒకే పదానికి రెండు సంఖ్యావిలువలు ఉండి, ఛందస్సు తీర్పు చెప్పలేని చోట 17తో భాజనీయత పద్యపాఠాన్ని ఎలా నిర్ణయించగలదో నిరూపిస్తుంది.

కీలకపదాలు: భూతసంఖ్యలు, పావులూరి మల్లన, గుణశ్రేఢి, ప్రస్తారం, ఫెర్మా సంఖ్యలు, ఆయిలర్, కారణాంకాలు, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో శాస్త్రవాఙ్మయానికి తొలి పునాదులు వేసినవారిలో పావులూరి మల్లన ఒకడు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, అంటే 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన రాజరాజ నరేంద్రుని కాలంవాడని సాహిత్య చరిత్రకారుల్లో ఎక్కువమంది భావిస్తారు. చదరంగపు గడుల మొత్తాన్ని చెప్పే చంపకమాల ఆయన పేరుతోనే ప్రచారంలో ఉంది.

ఆ పద్యంలో సంఖ్యను చెప్పే భాగం ఇరవై పదాలు. ఒక్కొక్క పదం ఒక్కొక్క అంకె. లోకప్రసిద్ధమైన వస్తువుల పేర్లతో అంకెలను సూచించే ఈ విధానమే భూతసంఖ్యా పద్ధతి. చంద్రుడు ఒక్కడే కనుక చంద్రవాచకాలన్నీ 1. మన్మథుని బాణాలు ఐదు కనుక బాణవాచకాలు 5. వేదాలు 4, కులపర్వతాలు 7, దిగ్గజాలు 8, ఆకాశం శూన్యం. అంకెలు ఎడమవైపుగా నడుస్తాయన్నది నియమం కాబట్టి, మొదట వినిపించే పదం ఒకట్ల స్థానానికి, చివర వినిపించే పదం అత్యున్నత స్థానానికి చెందుతాయి. ఆ క్రమంలో పదాలను అంకెలుగా మార్చి, కుడి నుంచి ఎడమకు రాస్తే 18446744073709551615 వస్తుంది.

ఇరవై పదాల్లో ఒక్కటి మారినా సంఖ్య మారిపోతుంది. మామూలు పద్యంలో ఒక పర్యాయపదం స్థానంలో మరొకటి చేరితే భావానికి పెద్ద నష్టం లేకపోవచ్చు. సంఖ్యాపద్యంలో అలా కాదు. ఒక విలువగల పదానికి బదులు మరో విలువగల పదం చేరినా, పదం అలాగే ఉండి పాఠకుడు వేరే విలువను తీసుకున్నా పద్యం చెప్పవలసిన విషయమే తప్పిపోతుంది. కాబట్టి పరిష్కర్త ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది: ఇక్కడ చెప్పిన సంఖ్య సరైనదేనని దేన్నిబట్టి నిర్ణయించాలి? సమాధానం ఆ సంఖ్య నిర్మాణంలోనే దొరుకుతుంది.

2. సంఖ్య నిర్మాణం

2.1. మొత్తం, చివరి గడి

గడుల్లోని సంఖ్యలు 1, 2, 4, 8, 16 అంటూ సాగే గుణశ్రేఢి. 64వ గడిలోని సంఖ్య 2⁶³, అంటే 9223372036854775808. మొదటి రెండు గడుల మొత్తం 3. మూడో గడిలోని 4 కంటే ఒకటి తక్కువ. మొదటి మూడు గడుల మొత్తం 7. నాలుగో గడిలోని 8 కంటే ఒకటి తక్కువ. ఏ గడి దగ్గర ఆగినా అంతవరకు వచ్చిన మొత్తం తరువాతి గడి కంటే ఒకటి తక్కువగానే ఉంటుంది. అందుచేత 64 గడుల మొత్తం, లేని 65వ గడిలో ఉండవలసిన 2⁶⁴ కంటే ఒకటి తక్కువ. అదే 2⁶⁴ − 1.

దీనినుంచి పద్యార్థానికి సంబంధించిన ఒక విషయం తేలుతుంది. చదరంగపు గడుల రెట్టింపు అన్నప్పుడు మూడు సంఖ్యలను ఊహించవచ్చు: చివరి గడిలోని 2⁶³, అన్ని గడుల మొత్తమైన 2⁶⁴ − 1, ఇంకొకసారి రెట్టిస్తే వచ్చే 2⁶⁴. మొదటిది పందొమ్మిది అంకెల సంఖ్య కనుక ఇరవై పదాల పద్యానికి అది పొసగదు. మూడోది 6తో ముగుస్తుంది. పద్యంలో ఒకట్ల స్థానాన్ని చెప్పే తొలిపదం బాణవాచకం, అంటే 5. కాబట్టి కవి ఉద్దేశించింది గడులన్నిటి మొత్తమేనన్నది నిస్సందేహం.

ఈ సంఖ్య నేటి లెక్కలో ఒక లక్షా ఎనభైనాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లకు పైచిలుకు. మహావీరాచార్యుడు ఇచ్చిన 24 స్థానాల పేర్ల పట్టికలో దీని ప్రథమాంకం ఇరవయ్యోదైన మహాశంఖ స్థానంలో నిలుస్తుంది. ఇదే సంఖ్యను క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్‌బిరూనీ తన కాలగణన గ్రంథంలో లెక్కకట్టాడు. నేటి 64 బిట్ల కంప్యూటర్ పదంలో ఇమిడే ధనపూర్ణాంకాల్లో అతిపెద్దది కూడా ఇదే.

2.2. వర్గమార్గం

ఒకటి నుంచి మొదలుపెట్టి 64 సార్లు రెట్టిస్తే 2⁶⁴ వస్తుంది. అంత శ్రమ అక్కరలేదు. 64ను వరుసగా సగం చేస్తే 32, 16, 8, 4, 2, 1 వస్తాయి, ఆరు మెట్లు. తిరుగు ప్రయాణంలో ప్రతి మెట్టు దగ్గరా వర్గం చేస్తే సరిపోతుంది. 2, 4, 16, 256, 65536, 4294967296, 18446744073709551616 అనే వరుసలో ప్రతి సంఖ్యా ముందున్నదాని వర్గమే. సరిసంఖ్య అయితే సగం చేసి వర్గించడం, బేసి అయితే ఒకటి తీసి రెట్టించడం అనే ఈ మార్గాన్ని పింగళుడు ఛందశ్శాస్త్రంలో వృత్తాల సంఖ్యను కనుగొనడానికి చెప్పాడు. గుణశ్రేఢి మొత్తానికి మహావీరాచార్యుడు చూపిన పద్ధతి కూడా ఇదే మార్గంలో నడుస్తుంది. చివరి మెట్టులో మాత్రం పది అంకెల సంఖ్యను పది అంకెల సంఖ్యతో గుణించవలసి ఉంటుంది. లేఖకుడైనా, పరిష్కర్తయినా చేతిలెక్కలో తడబడే అవకాశం ఎక్కువగా ఉన్నది అక్కడే.

3. ప్రస్తారంలో ఈ సంఖ్య స్థానం

గురులఘువుల అమరికలన్నిటినీ క్రమంగా రాసే పద్ధతి ప్రస్తారం. ఒక్కో అక్షరం గురువో లఘువో కావచ్చు కనుక ఒక్క అక్షరానికి 2, రెండక్షరాలకు 4, మూడక్షరాలకు 8 అమరికలు ఏర్పడతాయి. గణాలు ఎనిమిది కావడానికి కారణం ఇదే. పాదానికి 26 అక్షరాలుండే ఉత్కృతి ఛందంలో వృత్తాల సంఖ్య 2²⁶, అంటే 67108864.

ఒక వృత్తం ప్రస్తారంలో ఎన్నవదో తెలుసుకునే ప్రక్రియ ఉద్దిష్టం. అక్షరాల మీద వరుసగా 1, 2, 4, 8 అంటూ రెట్టించిన సంఖ్యలు రాసి, లఘువుల మీద ఉన్నవాటిని మాత్రమే కూడి, ఒకటి కలిపితే వృత్తసంఖ్య వస్తుంది. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర గణాలు. ఆ 21 అక్షరాల్లో లఘువుల మీద పడే సంఖ్యలు 1, 2, 4, 8, 32, 128, 256, 512, 2048, 4096, 16384, 32768, 131072, 524288. వీటి మొత్తం 711599. ఒకటి కలిపితే 711600. 21 అక్షరాల ప్రకృతి ఛందంలోని 2097152 వృత్తాల్లో చంపకమాల 711600వది అనడంలోని అర్థం ఇదే.

ఉద్దిష్టంలో అక్షరాల మీద రాసే సంఖ్యలూ, చదరంగపు గడుల్లో పడే సంఖ్యలూ ఒకటే. గడిని అక్షరంగా భావిస్తే 64 గడుల బల్ల 64 అక్షరాల పాదం అవుతుంది. అన్ని గడుల్లోని సంఖ్యలనూ కూడడమంటే అన్ని అక్షరాలనూ లఘువులుగా తీసుకోవడమే. సర్వలఘువైన 64 అక్షరాల పాదంలో లఘువుల మీది సంఖ్యల మొత్తమే 18446744073709551615. దానికి ఒకటి కలిపితే ప్రస్తారంలోని చివరి వృత్తసంఖ్య వస్తుంది. ద్విసంఖ్యామానంలో ఈ సంఖ్య వరుసగా 64 ఒకట్లుగా కనిపించడమూ ఇదే విషయానికి మరో రూపం. ఆ విధంగా చంపకమాలలో చెప్పిన ఈ సంఖ్య గణితానికి ఎంత చెందుతుందో ఛందశ్శాస్త్రానికీ అంతే చెందుతుంది.

4. కారణాంకాలు

4.1. ఏడు ప్రధాన సంఖ్యలు

ఒక వర్గం నుంచి ఒకటి తీసివేస్తే వచ్చే సంఖ్యను రెండు కారణాంకాలుగా విడదీయవచ్చు. 2⁶⁴ అనేది 2³² వర్గం. కాబట్టి 2⁶⁴ − 1 = (2³² − 1) × (2³² + 1). ఇందులో మొదటి కారణాంకం మళ్లీ అదే తీరులో విడిపోతుంది. ఈ క్రమం చివరిదాకా సాగితే మిగిలేది ఇది:

2⁶⁴ − 1 = (2 + 1) × (2² + 1) × (2⁴ + 1) × (2⁸ + 1) × (2¹⁶ + 1) × (2³² + 1)

అంటే 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297.

మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. ఆరోదాని కథ వేరు. రెండుకు రెండు ఘాతాలను ఘాతంగా వేసి ఒకటి కలిపితే వచ్చే ఇటువంటి సంఖ్యలను ఫెర్మా సంఖ్యలు అంటారు. ఫ్రెంచి గణితవేత్త పియర్ ద ఫెర్మా 1640లో రాసిన లేఖల్లో ఇవన్నీ ప్రధాన సంఖ్యలేనన్న విశ్వాసాన్ని వెలిబుచ్చాడు. దానికి నిరూపణ తన వద్ద లేదని ఆయనే ఒప్పుకున్నాడు. అదే నిజమైతే చదరంగ సంఖ్యకు ఆరు ప్రధాన కారణాంకాలు మాత్రమే ఉండాలి.

1732లో లెన్‌హార్డ్ ఆయిలర్ 4294967297 = 641 × 6700417 అని చూపడంతో ఆ విశ్వాసం వీగిపోయింది. కాబట్టి చదరంగ సంఖ్య పూర్తి విభజన ఇది:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు కారణాంకాలూ వేర్వేరు; ఏదీ రెండోసారి రాదు. ప్రతి కారణాంకాన్నీ చేర్చడమో మానడమో చేయవచ్చు కనుక మొత్తం భాజకాలు 2⁷, అంటే 128.

4.2. 641 ఎలా దొరికింది?

పది అంకెల సంఖ్యకు కారణాంకం వెతకడం గుడ్డిగా చేసే పని కాదు. 2³² + 1కు ఏ ప్రధాన కారణాంకం ఉన్నా, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలని ఆయిలర్ నిరూపించాడు. ఆ లక్షణంగల ప్రధాన సంఖ్యలు చాలా అరుదు: 193, 257, 449, 577, 641. మొదటి నాలుగూ విఫలమవుతాయి. ఐదోది నిశ్శేషంగా భాగిస్తుంది.

641 ఎందుకు భాగిస్తుందో నేరుగా కూడా చూపవచ్చు. 641 = 5 × 2⁷ + 1. కాబట్టి 5 × 2⁷ను 641తో భాగిస్తే శేషం −1గా తీసుకోవచ్చు. దాని నాలుగో ఘాతమైన 5⁴ × 2²⁸కు శేషం 1. మరోవైపు 641 = 625 + 16 = 5⁴ + 2⁴. అందుచేత 5⁴కు శేషం −2⁴. దీన్ని ముందరి ఫలితంలో ప్రతిక్షేపిస్తే −2³²కు శేషం 1 అవుతుంది. అంటే 2³² + 1ను 641 నిశ్శేషంగా భాగిస్తుంది.

6700417 ప్రధాన సంఖ్య అని తేల్చడం కూడా కష్టం కాదు. 64కు బదులు 128తో భాగించినా శేషం 1 రావాలని 19వ శతాబ్దిలో ఎదువార్ లూకా చూపాడు. 6700417 వర్గమూలం 2588 దాటి 2589 లోపు ఉంటుంది. అంతవరకు ఆ లక్షణంగల ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409 అనే ఐదే. ఈ ఐదింటిలో ఏదీ దాన్ని భాగించదు.

4.3. 64వ గడి దగ్గర తప్పిన నియమం

641 ప్రభావం చదరంగపు బల్ల మీద స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి రెండు గడుల మొత్తం 3. మూడు వరకు ఉన్న సంఖ్యల్లో 3తో ఉమ్మడి కారణాంకం లేనివి రెండు. రెండో గడిలోని సంఖ్యా 2. నాలుగు గడుల మొత్తం 15. దానితో సాపేక్ష ప్రధానాలు 8. నాలుగో గడిలోనూ 8. ఎనిమిది గడుల మొత్తం 255, సాపేక్ష ప్రధానాలు 128, ఎనిమిదో గడిలో 128. పదహారు గడులకూ, ముప్పైరెండు గడులకూ ఇదే నియమం. ముప్పైరెండు గడుల మొత్తం 4294967295కు సాపేక్ష ప్రధానాలు 2147483648. అది సరిగ్గా 32వ గడిలోని సంఖ్య.

64 గడుల దగ్గర ఈ పొందిక చెదిరిపోతుంది. 64వ గడిలో 9223372036854775808 ఉండగా, మొత్తానికి సాపేక్ష ప్రధానాలు 9208981628670443520 మాత్రమే. 2³² + 1 ప్రధాన సంఖ్య అయివుంటే రెండూ సమానమయ్యేవి. ఐదుసార్లు వరుసగా నిలిచిన నియమం ఆరోసారి నిలవకపోవడం, ఉదాహరణల సంఖ్య ఎంత పెరిగినా అది నిరూపణ కాదన్న పాఠానికి చక్కని దృష్టాంతం. ఐదో ఫెర్మా సంఖ్య నుంచి 32వ ఫెర్మా సంఖ్య వరకు అన్నీ సంయుక్త సంఖ్యలేనని నేడు తెలుసు. ఫెర్మా తాను స్వయంగా పరీక్షించగలిగిన మేరకే సరైనవాడయ్యాడు.

5. పాఠ నిర్ణయంలో కారణాంకాల పాత్ర

5.1. ఛందస్సు కాపాడేది, కాపాడలేనిది

సంఖ్యాపద్యానికి మొదటి కాపలా ఛందస్సు. పద్యంలో తొమ్మిదో అంకెను చెప్పే పదం ‘నగ’. నగమంటే కొండ, విలువ 7. దానికి దీర్ఘం చేరి ‘నాగ’ అయితే ఏనుగనో పామనో అర్థమై విలువ 8 అవుతుంది. ఒక్క దీర్ఘంతో సంఖ్యలో పదికోట్ల తేడా వస్తుంది. అయితే ఆ పదం చివరి అక్షరం తరువాతి పదంతో సంధిలో కలిసిపోగా మిగిలిన అక్షరం ఉన్న చోట జగణపు చివరి లఘువు ఉండాలి. అక్కడ దీర్ఘం పడితే గణభంగం. ఛందస్సు తెలిసిన లేఖకుడు ఆ పొరపాటును వెంటనే గుర్తిస్తాడు.

గురులఘువులు సమానంగా ఉన్న పదాల మధ్య ఛందస్సు భేదం చూపలేదు. ‘వేద’, ‘బాణ’ రెండూ గురులఘువులే. ఒకదాని విలువ 4, మరొకదాని విలువ 5. యతిప్రాసల స్థానం కాని చోట ఒకదానికి బదులు మరొకటి పడితే పద్యం నడకలో ఏ లోటూ వినిపించదు.

పదం మారకుండానే విలువ మారే సందర్భం ఇంకా సున్నితమైనది. ఈ పద్యంలో అటువంటి పదాలు మూడు. ఏడో అంకెను చెప్పే ‘రంధ్ర’ శబ్దానికి శరీరంలోని నవరంధ్రాలను బట్టి 9 విలువ. బోలుతనాన్ని బట్టి శూన్యమనే వాడుకా భూతసంఖ్యల్లో ఉంది. పదమూడో అంకెను చెప్పే ‘అబ్ధి’, పదిహేడో అంకెను చెప్పే ‘పయోనిధి’ సముద్రవాచకాలు. భూతసంఖ్యల్లో సముద్రానికి 4 విలువే బలంగా స్థిరపడింది. కాని సప్తసముద్రాల భావన మనసులో ఉన్న పాఠకుడు 7 అని తీసుకోవడం సహజం. మూడు పదాలకూ రెండేసి విలువలు కనుక ఒకే పద్యపాఠానికి ఎనిమిది సంఖ్యలు సాధ్యమవుతాయి. ఛందస్సు ఎనిమిదింటినీ సమానంగానే అంగీకరిస్తుంది.

5.2. తొమ్మిదుల పరీక్ష చాలదు

అంకెలను కూడి తొమ్మిదితో భాగించి శేషం చూడడం లెక్క సరిచూసుకునే పాత పద్ధతి. చదరంగ సంఖ్య అంకెల మొత్తం 87. తొమ్మిదితో భాగిస్తే శేషం 6. ‘రంధ్ర’ను శూన్యంగా చదివితే అంకెల మొత్తం 78, శేషం మళ్లీ 6. తొమ్మిదికీ సున్నకూ మధ్య భేదాన్ని ఈ పరీక్ష గుర్తించలేదు. అంకెలు తారుమారైనా మొత్తం మారదు కనుక వాటినీ పట్టుకోలేదు. మూడుతో భాజనీయత ఇంకా బలహీనం: సముద్రాన్ని 4కు బదులు 7గా తీసుకుంటే తేడా 3 కనుక ఎనిమిది పాఠాలూ ఆ పరీక్షలో నెగ్గుతాయి.

5.3. పదిహేడు పరీక్ష

చదరంగ సంఖ్య కారణాంకాల్లో 17 ఈ పనికి తగినది. ఒక అంకె మారితే సంఖ్యలో వచ్చే తేడా 1 నుంచి 9 లోపు ఒక సంఖ్యను పది ఘాతంతో గుణించగా వచ్చేది. 17 ప్రధాన సంఖ్య; అది తొమ్మిదిలోపు సంఖ్యలనూ భాగించదు, పది ఘాతాలనూ భాగించదు. అందుచేత ఏ ఒక్క అంకె ఎక్కడ మారినా సంఖ్య 17తో నిశ్శేషంగా భాగింపబడదు. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా 9ని ఒక అంకెతోనూ, పది ఘాతంతోనూ గుణించగా వస్తుంది. దాన్నీ 17 భాగించదు.

పరీక్ష చేసే తీరు సులభం. 100లో 17 ఆరుసార్లు పోతుందనుకుంటే 2 తక్కువ పడుతుంది; అంటే 100కు శేషం −2. కాబట్టి సంఖ్యను రెండేసి అంకెల జతలుగా విడదీసి, ఎడమ నుంచి మొదలుపెట్టి, వచ్చిన శేషాన్ని −2తో గుణించి తరువాతి జతను కలుపుతూ, మళ్లీ 17తో భాగించి శేషం తీసుకుంటూ పోవాలి. జతలు 18, 44, 67, 44, 07, 37, 09, 55, 16, 15. వరుసగా వచ్చే శేషాలు 1, 8, 0, 10, 4, 12, 2, 0, 16, 0. చివరి శేషం సున్న, సంఖ్య నెగ్గింది.

ఇప్పుడు ఎనిమిది పాఠాలనూ ఈ పరీక్షకు పెడితే ఫలితం ఇలా ఉంటుంది:

రంధ్ర 9, అబ్ధి 4, పయోనిధి 4: శేషం 0
రంధ్ర 9, అబ్ధి 7, పయోనిధి 4: శేషం 5
రంధ్ర 9, అబ్ధి 4, పయోనిధి 7: శేషం 3
రంధ్ర 9, అబ్ధి 7, పయోనిధి 7: శేషం 8
రంధ్ర 0, అబ్ధి 4, పయోనిధి 4: శేషం 4
రంధ్ర 0, అబ్ధి 7, పయోనిధి 4: శేషం 9
రంధ్ర 0, అబ్ధి 4, పయోనిధి 7: శేషం 7
రంధ్ర 0, అబ్ధి 7, పయోనిధి 7: శేషం 12

ఎనిమిది శేషాలూ వేర్వేరు. మొదటి పాఠం మాత్రమే నిలుస్తుంది. తప్పు జరిగిందని చెప్పడమే కాక, ఈ మూడు పదాల పరిధిలో ఆ తప్పు ఎక్కడ జరిగిందో కూడా శేషం చెబుతుంది. శేషం 4 వస్తే రంధ్రశబ్దాన్నీ, 3 వస్తే పదిహేడో పదాన్నీ సరిచూసుకుంటే చాలు.

5.4. దూరపు తారుమార్లు, చదివే దిశ

పక్కపక్కన లేని రెండు పదాలు స్థానాలు మార్చుకున్నప్పుడు ఆ రెంటి మధ్య దూరం సరిగ్గా 16 స్థానాలైతేనే 17 పరీక్ష విఫలమవుతుంది. ఇరవై స్థానాల్లో అటువంటి జంటలు నాలుగే: 1–17, 2–18, 3–19, 4–20. చివరి జంటలో రెండు అంకెలూ 1 కనుక తారుమారైనా విలువలో మార్పు లేదు. తక్కిన మూడింటినీ మరో కారణాంకమైన 257 పట్టుకుంటుంది. ఆ విధంగా 17, 257 కలిస్తే ఒక్క పదం మారడంగానీ, ఏ రెండు పదాలు తారుమారవడంగానీ దాగదు.

చదివే దిశను నిర్ణయించడానికి ఇంత శ్రమ కూడా అక్కరలేదు. పదాలను వినిపించిన వరుసలోనే ఎడమ నుంచి కుడికి రాస్తే సంఖ్య 51615590737044764481 అవుతుంది. అంకెల మొత్తం మారలేదు కనుక తొమ్మిదుల పరీక్ష దీన్నీ అంగీకరిస్తుంది. కాని చివరి అంకె 1 కాబట్టి ఐదుతో భాగింపబడదు. అంకెలకు వామగతి అన్న సంప్రదాయాన్ని ఇక్కడ గణితమే స్వతంత్రంగా ధ్రువీకరిస్తుంది.

5.5. పద్ధతి పరిధి

పలు పదాలు ఒకేసారి మారినప్పుడు ఒక్క 17తో తీర్పు చెప్పడం సరికాదు. తప్పుడు సంఖ్య కూడా యాదృచ్ఛికంగా దాని గుణిజం కావచ్చు. ఏడు కారణాంకాలతోనూ పరీక్షిస్తే ఆ సందేహం తీరుతుంది. ఏడింటితోనూ భాగింపబడే సంఖ్య తప్పనిసరిగా చదరంగ సంఖ్య గుణిజమే. ఇరవై అంకెల్లో ఇమిడే గుణిజాలు ఐదు. వాటిలో 1తో మొదలయ్యేది ఇదొక్కటే. దీని రెట్టింపే 3తో మొదలవుతుంది.

ఈ పద్ధతి అన్ని సంఖ్యాపద్యాలకూ వర్తించదు. శాసనాల్లో భూతసంఖ్యలతో చెప్పిన శకసంవత్సరాలకు ఇటువంటి అంతర్నిర్మాణం లేదు. అక్కడ తిథివారాల పొందికే పరీక్ష. ఒక గణితసూత్రం ఫలితాన్ని చెప్పే పద్యాలకు, అంటే శ్రేఢుల మొత్తాలకూ, ఘాతాలకూ, వృత్తసంఖ్యలకూ, ఆ ఫలితం కారణాంకాలే పాఠపరీక్షగా ఉపయోగపడతాయి. సూత్రప్రకారం మొత్తం లెక్కను తిరిగి చేయడం కూడా ఒక మార్గమే. కాని తిరిగి చేసిన లెక్క పాఠం తప్పని మాత్రమే చెబుతుంది. శేషం, సందేహాస్పదమైన పదాల్లో ఏది దానికి కారణమో కూడా సూచిస్తుంది.

6. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. పద్యంలోని సంఖ్య చివరి గడి విలువ కాదు, తరువాతి రెట్టింపూ కాదు. 64 గడుల మొత్తమైన 2⁶⁴ − 1. పదాల సంఖ్య, తొలిపదం విలువ ఈ విషయాన్ని నిర్ధారిస్తాయి.

2. ఛందశ్శాస్త్రంలోని ఉద్దిష్ట ప్రక్రియకూ చదరంగపు గడుల రెట్టింపుకూ ఆధారం ఒకటే. 64 లఘువుల పాదంలో లఘువుల మీది సంఖ్యల మొత్తమే ఈ సంఖ్య.

3. దీనికి ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాలున్నాయి. వాటిలో 641, 6700417 ఫెర్మా విశ్వాసాన్ని ఆయిలర్ తోసిపుచ్చిన సందర్భంలో బయటపడ్డాయి.

4. రంధ్ర, అబ్ధి, పయోనిధి శబ్దాల ద్వివిధ విలువల వల్ల ఏర్పడే ఎనిమిది పాఠాల్లో 17తో భాగింపబడేది ఒక్కటే.

ఛందస్సు పద్యంలోని పలుకును కాపాడుతుంది. భాజనీయత ఆ పలుకు విలువను కాపాడుతుంది. సంఖ్యాపద్యాల పరిష్కరణలో ఈ రెండింటినీ జోడించి చూడవలసిన అవసరం ఉంది. తెలుగు గణితగ్రంథాల వ్రాతప్రతులను పరిష్కరించేవారు ప్రతి ఫలితసంఖ్యకూ కారణాంకాలను పక్కన చేర్చితే, తరువాతి పాఠకులు తమంతట తామే పాఠాన్ని సరిచూసుకోగలుగుతారు.